అర చుట్టు

కమలాపురం
ఆగస్టు 12

అన్నకు రాహేలు వందనాలు.

నీకు ఫోన్ చేస్తే నేనొక్కదాన్నే మాట్లాడాలి. నీకు గొంతు ఆపరేషన్ అయినప్పటి నుంచి అవతల నీ ఊపిరి తప్ప నాకేమీ వినపడదు. టైపు చేసి పంపితే అక్షరాలు చీమల్లా ఉన్నాయని ప్రేమజ్యోతి వదిన చేత చదివించుకుంటావు. ఈ సంగతి నీకూ నాకూ మధ్యే ఉండాలి. అందుకే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాస్తున్నాను.

చర్చి వ్యాన్ ఆగిపోయింది. శుక్రవారం పొద్దున కృష్ణవేణమ్మనూ పుల్లయ్యనూ రక్తం శుద్ధి చేయించడానికి కడప ఆస్పత్రికి తీసుకుపోతున్నాను. ఆరేళ్లుగా వారానికి రెండుసార్లు నేను నడిపే దారే. ఎత్తు ఎక్కుతుంటే సీటు కింద తుపాకీ పేలినట్టు చప్పుడు వచ్చింది. బండి కుంటడం మొదలుపెట్టింది. పుల్లయ్య తలుపు తీసుకుని రోడ్డుకు అడ్డం పరుగెత్తాడు. కృష్ణవేణమ్మ మాత్రం కదలలేదు. "వచ్చి కూర్చోప్పా. అంత పరిగెత్తే ఓపికుంటే నీకు ఆస్పత్రెందుకు?" అంది.

సీటు ఎత్తి చూస్తే మధ్య సిలిండర్ స్పార్కు ప్లగ్గు ఊడి వైరుకు వేలాడుతోంది. చల్లారాక తిరిగి బిగించబోయాను. ఊరికే తిరుగుతోంది కానీ పట్టుకోవడం లేదు. లోపల మరచుట్లు అరిగి నున్నగా అయిపోయాయి. ఇద్దరినీ ఆటో ఎక్కించి పంపాను.

రెండు వారాల నుంచి టిక్ టిక్ మంటోందని సంఘం సెక్రటరీ యేసుప్రసాద్ సారుకు ముందే చెప్పాను. "పాత బండ్లు అట్లే అరుస్తాయిలేమ్మా" అన్నారు. ఇప్పుడు ఆయనే ఇంజన్ పోయింది, అమ్మేద్దాం అంటున్నారు. కొనే మనిషిని కూడా చూశారట. కడప మెకానిక్కు పైభాగం మొత్తం, అంటే హెడ్డు, మార్చాలన్నాడు. సంఘం ఒప్పుకోదు.

పోయిన మరను మళ్లీ కొత్తగా వేయవచ్చని చాలా ఏళ్ల కిందట నీ షెడ్డులో ఎవరితోనో అంటుంటే విన్నాను. ఎలాగో రాయి. నేనే చేస్తాను.

జూన్‌లో నీ దగ్గరికి వచ్చినప్పుడు నువ్వు నీ చేత్తోనే కొత్త ప్లగ్గులు వేసిచ్చావు. అట్లాంటిది రెండు నెలలకే ఎలా ఊడిందో నాకు అంతు పట్టడం లేదు.

నీ చెల్లెలు
రాహేలమ్మ


డోన్
ఆగస్టు 20

రాహేలుకు,

నోరు లేదు కాబట్టి మాట్లాడినట్టే రాస్తాండా. తప్పులెంచొద్దు.

వద్దు. ఆ బండి జోలికి పోవద్దు. అమ్ముతామంటే అమ్మనీ. ఆ హెడ్డు అల్యూమినియంది, మెత్తది. ఒకసారి మర పోతే పోయినట్టే. నీ చేతి పని కాదది. పంపేదానికి మనిషి లేడు. షెడ్డు మూసేసినా. నా దగ్గర పని నేర్చుకున్న చిన్న ఈరన్న కర్నూలు పోయి వేరే షెడ్డులో చేరినాడు.

ఆ ఊడిన ప్లగ్గు పారేయ్. దాన్ని పెట్టుకోని ఏం జేస్తావు?

నా పానం బాగానే ఉండాది. మీ వదిన గంజి పోస్తాంది, తాగుతాండా.

ఆనందం


కమలాపురం
సెప్టెంబరు 3

అన్నా,

ప్లగ్గు పారేయలేదు. పాత గుడ్డలో చుట్టి బైబిలు పక్కన పెట్టాను.

మొన్న ఆదివారం ఆరాధన తర్వాత కమిటీ కూర్చుంది. నన్ను బల్ల ముందు నిలబెట్టారు. యేసుప్రసాద్ సారు ఏమన్నారో ఉన్నదున్నట్టు రాస్తున్నాను, విను.

"ఆనందం చెయ్యి పడిన బండికి అయిదేండ్లు ఢోకా లేదని ఈ చుట్టుపక్కల ఎవురినైనా అడగండి. జూన్‌లో ప్లగ్గులు మార్చింది ఆయప్పే. ఆయప్ప తప్పు చేసే రకం కాదు. అంటే ఈమె ఏదో తిప్పింటాది. ఆడామె చేతికి బండిస్తే ఇంతే."

"నేను ముట్టుకోలేదు సార్" అన్నాను. నా గొంతు పెద్దగా లేవదని నీకు తెలుసు కదా. వెనక వరుసలో ఎవరో "ఏమంటాంది?" అని అడిగారు. ఇంకెవరో "ఒప్పుకుంటాంది" అన్నారు.

అన్నా, యాభై ఏళ్లుగా నేను మెత్తగా మాట్లాడుతున్నాను. మెత్తగా మాట్లాడితే ఒప్పుకున్నట్టేనని ఆ రోజే తెలిసింది. అప్పుడు బల్ల దగ్గరికి పోయి, తాళంచెవి తీసి అందరికీ కనపడేలా పైకెత్తాను. "కోత పండుగ దాకా గడువివ్వండి. అప్పటికి బండి నడవకపోతే ఈ తాళం నేనే తెచ్చి ఇక్కడ పెడతాను. నడిస్తే ఇది నా దగ్గరే ఉంటుంది. ఆ తర్వాత దీన్ని ఎవరూ అడగకూడదు" అన్నాను. నవ్వారు. పాస్టరయ్య మాత్రం నవ్వలేదు. "రాసుకోండి" అన్నారు.

కృష్ణవేణమ్మ ఇప్పుడు బస్సులో పోతోంది. శుద్ధి అయ్యాక మనిషిలో సత్తువ ఉండదు. పోయిన శుక్రవారం బస్టాండులో పడి మోకాలు చీరుకుపోయింది. పుల్లయ్య రెండుసార్లు పోవడమే మానేశాడు. చూడబోతే కాళ్లు రోకళ్లలా వాచి ఉన్నాయి. "బండి బాగయినాక పోదాంలేమ్మా, తొందరేముండాది" అన్నాడు. తొందర ఎంత ఉందో డాక్టరు నాకు చెప్పాడు. ఆయనకు చెప్పలేదు.

పాపాఘ్ని ఏటి ఇసుకలో నాకు బండి నేర్పింది నువ్వు. ఆడపిల్లకెందుకురా అని నాన్న అరిస్తే, "ఇసుకలో దిగబడిన బండిని ఎక్కించినామె యాడైనా నడుపుతాది" అన్నది నువ్వే. ఆ మాట వెనక్కి తీసుకుంటావా? నువ్వు చెప్పకపోతే చర్చి పక్కన లేత్ షాపు ఓబుళేశును అడుగుతాను. అతడూ చెప్పకపోతే ఇంకొకరిని అడుగుతాను. నేను బతిమాలడం లేదన్నా. ఏం చేయబోతున్నానో చెబుతున్నాను.

రాహేలమ్మ


డోన్
సెప్టెంబరు 15

రాహేలుకు,

నీ మొండితనం నాయనది. నాకు రాలేదది.

బస్సు డ్రైవరు చేతికి డబ్బా ఇచ్చినా. దాంట్లో మర కోసే ట్యాపు, దాని పిడి, గ్రీజు, బంక ఉండాయి. చిన్న ఉక్కు గొట్టం ఒకటి ఉంటాది, లోపలా బయటా మర ఉంటాది దానికి. బుష్షు అంటాం. పాత రంధ్రాన్ని కొంచెం పెద్ద మర కోసి, దాంట్లో బుష్షు బిగిస్తే, ప్లగ్గు ఆ బుష్షులో కూర్చుంటాది. పాత దానికన్నా గట్టి.

ఇంజన్ సల్లగా ఉండాల. మధ్య పిస్టన్ కిందికి దిగేటట్టు తిప్పి పెట్టుకో, లేకుంటే ట్యాపు దానికి తగులుతాది. ట్యాపు గాట్ల నిండా గ్రీజు పూయి. కోసిన పొట్టు గ్రీజుకు అంటుకోని బయటికొస్తాది, లోపల పడదు. రంధ్రం ఎట్ల వాలిందో ట్యాపు కూడా అట్లే వాలాల. అర చుట్టు ముందుకు, పావు చుట్టు యెనక్కి. బిగుసుకుంటే బలం చూపొద్దు. తీసి, తుడిచి, మళ్లీ గ్రీజు పూసి మొదలుపెట్టు. బుష్షుకు బయట బంక రాసి బిగించి ఒక దినం వదిలెయ్. మరుసటి దినం ప్లగ్గు పెట్టకుండా తాళం తిప్పి సెల్ఫు కొట్టు. మిగిలిన పొట్టేమన్నా ఉంటే గాలి ఊది బయటేస్తాది. మొగం దూరం పెట్టుకో.

కడాకు ప్లగ్గు. ఇది శానా ముఖ్యం. పానాతో మొదలుపెట్టొద్దు. పెట్రోలు పైపు జానెడు ముక్క ప్లగ్గు తలకు తొడిగి, ఆ పైపును వేళ్లతో తిప్పు. మర నేరుగా ఎక్కితే పైపుతో పాటు ప్లగ్గు తిరుగుతాది. అడ్డం ఎక్కితే పైపు జారిపోతాది. పైపు జారితే దేవుడొచ్చి చెప్పినా ముందుకు పోవద్దు. చేత్తో పోయినంత దూరం పోనిచ్చి, అప్పుడు పానా పెట్టి అర చుట్టు. అర చుట్టు చాలు.

పాత ప్లగ్గు పారేసినావా? రాయి.

ఆనందం


కమలాపురం
అక్టోబరు 10

అన్నా,

బండి నడిచింది.

దేవుడొచ్చి చెప్పినా అని మరోసారి రాయకు. ఆయన మర అడ్డం ఎక్కించమని చెప్పేవాడు కాదు.

ఎలా జరిగిందో చెబుతాను. చర్చి వెనక రేకుల షెడ్డులో సీటు తీసి, ప్రార్థన చేసుకుని మొదలుపెట్టాను. లేత్ షాపు ఓబుళేశు వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"ఏమ్మా, పప్పు రుబ్బినట్టనుకుంటివా?"

"రుబ్బడమే కష్టమప్పా. దీన్ని వెనక్కి తిప్పితే వెనక్కి వస్తుంది. పప్పు రాదు."

"ఇంజన్ తల పగలగొడతావు చూడు. అల్యూమినియం అది."

"తల గట్టిగా ఉన్నవాళ్ల దగ్గరే ఇన్నాళ్లూ నేర్చుకున్నాను. మెత్తనిదైతే నాకు నయమే."

కాసేపటికి ట్యాపు బిగుసుకుంది. ఓబుళేశు లేచి వచ్చి, "ఇట్లియ్యి, ఒక్క దెబ్బకు తిప్పి పెడతా" అని పిడి మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తీసి పక్కన పెట్టాను. జొన్నరొట్టె తట్టేటప్పుడు పిండి ఎక్కడ పలచనవుతోందో అరచేతికే తెలుస్తుంది కదా. ఆ ట్యాపు కూడా అలాగే తెలిసింది. ఇక చాలు, వెనక్కి తియ్యి అని అదే చెప్పింది. తీసి చూస్తే గాట్ల నిండా వెండిరంగు పొట్టు. తుడిచి మళ్లీ గ్రీజు పూశాను. అలా పదకొండుసార్లు. పొద్దు వాలేసరికి ఓబుళేశు గడప మీద నుంచి దిగి, ఏమీ అడగకుండానే లైటు పట్టుకున్నాడు.

బుష్షు ఒక రోజు ఆరింది. కొత్త ప్లగ్గుకు పైపు తొడిగి తిప్పాను. ఒక్కసారి కూడా జారలేదు. అర చుట్టు. అంతే. సెల్ఫు కొడితే మూడు సిలిండర్లూ కలిసి పలికాయి. మంగళవారం ఇద్దరినీ కడప తీసుకుపోయి తెచ్చాను. పుల్లయ్య దారి పొడుగునా సీటు అంచున కూర్చున్నాడు, మళ్లీ పరుగెత్తాల్సి వస్తుందేమోనని.

ఇక నువ్వు రెండుసార్లు అడిగిన ప్లగ్గు సంగతి.

పారేయలేదన్నా. కొత్త ప్లగ్గు పక్కన పెట్టి చూశాను. కొత్తదాని మరలు సమానంగా మెరుస్తున్నాయి. పాతదాని మరల్లో అల్యూమినియం ఇరుక్కుపోయి ఉంది. అన్నివైపులా కాదు, ఒకవైపే, ఏటవాలుగా. వదులై ఊడిపోయిన ప్లగ్గు అలా ఉండదు. అది మొదటి చుట్టులోనే అడ్డం ఎక్కింది. ఆ తర్వాత ఎవరో పొడవాటి పానాతో బలంగా తిప్పారు. నువ్వు పైపు గురించి రాసిన నాలుగు వాక్యాలు చదవకపోతే నాకిది తెలిసేది కాదు.

బండి నడుస్తోందని తెలిసినా యేసుప్రసాద్ సారు ఊరుకోవడం లేదు. "ఎన్ని దినాలు నిలుస్తాది? ముందు అది ఎట్ల పాయెనో కోత పండుగ కమిటీలో చెప్పాల" అంటున్నారు. నేను చేయని తప్పును ఒప్పుకోను. ఇంకెవరి పేరూ చెప్పను. రెండూ ఎలా కుదురుతాయో నాకు తెలియదు. కుదిరించుకుంటాను.

నిన్ను నేనేమీ అడగడం లేదు.

రాహేలమ్మ


డోన్
అక్టోబరు 22

రాహేలుకు,

అడగడం లేదని రాసి అడిగినావు. చిన్నప్పటి నుంచీ నీ తీరు అదే.

నేనే.

ఆపరేషన్ అయినాక క్యాన్సరుకని కరెంటు పెట్టినారు, మందులెక్కించినారు. అప్పటి నుంచి వేళ్ల కొనలు నావి కావు. గుండీ పెట్టుకుంటే పడిందో లేదో చూసుకోవాల. ఈ మాట మీ వదినకు కూడా చెప్పలేదు. నువ్వు జూన్‌లో బండి తెచ్చినప్పుడు ఈరన్న చేస్తానన్యాడు. నేనే వద్దని తోసేసినా. నా చెల్లెలి బండి నేనే చేయాలనుకున్యా. నువ్వు లోపల వదినతో మాట్లాడతాంటివి.

మధ్య ప్లగ్గుకు పైపు జారింది. మళ్లీ పెట్టినా. మళ్లీ జారింది. ఈరన్న పక్కనే నిలబడి చూస్తాండాడు. నలభై ఏండ్ల నుంచి పైపు జారితే ఆగమని అందరికీ, వానికీ చెప్పినోణ్ణి నేను. ఏమనిపించిందో తెలుసునా? గొంతు పాయె. ఇప్పుడు చెయ్యి కూడా పోయిందని వాని ముందర ఒప్పుకోవల్ల. పైపు పారేసి పొడుగు పానా పెట్టి తిప్పేసినా. కిర్రుమని చప్పుడైంది. వాడూ విన్యాడు. వారానికి వేరే షెడ్డుకు పాయె.

అందుకే ప్లగ్గు పారేయమన్యా. అందుకే షెడ్డు మూసేసినా. నీ మీద తప్పు పడిందని నువ్వు రాసినప్పుడు కూడా పని ఎట్ల చేయాలో రాస్తి కానీ ఇది రాయలేదు. డబ్బా పంపితే సరిపోతాదనుకున్యా. సరిపోలేదు. మూడు పూటల నుంచి గంజి కూడా దిగడంలేదు.

దీంతో పాటు ఇంకొక కాగితం పెట్టినా. సంఘానికి రాసింది. కమిటీలో చదువు, అందరూ ఉన్నప్పుడు, గట్టిగా. నా పేరు దాచొద్దు. నోరు లేనోడు తప్పు ఒప్పుకోలేడని ఎవురనుకున్యా నేనొప్పుకోను.

ఆనందం


కమలాపురం
నవంబరు 18

అన్నా,

నీ కాగితం చదివాను, అందరూ ఉన్నప్పుడే, గట్టిగా. కానీ నువ్వు అనుకున్న వేళకు కాదు. అది చెప్పడానికే ఇంత పొడుగు ఉత్తరం.

కోత పండుగ ఆదివారం జొన్న కంకులు, శనగలు, గుమ్మడికాయలు అన్నీ బల్ల ముందు పెట్టారు. ఎవరో కాళ్లు కట్టిన పుంజును కూడా తెచ్చారు. ఆరాధన అయ్యాక కమిటీ అక్కడే కూర్చుంది. యేసుప్రసాద్ సారు లేచి, "రాహేలమ్మ నిర్లక్ష్యం వల్ల..." అని చదవడం మొదలుపెట్టగానే పుంజు కూసింది. ఆయన ఆగారు. మళ్లీ మొదలుపెడితే మళ్లీ కూసింది. ముందు వరుసలో కృష్ణవేణమ్మ కూర్చుని ఉంది. ఆమెకు మన చర్చితో పని లేదు, నాకోసం వచ్చింది. "అబద్ధమాడిన పేతురుకు కూసినట్టు కూస్తాందే, మీ పుస్తకంలోదే కదా సార్?" అంది. ఆ పుస్తకం ఆమె ఎప్పుడు విన్నదో నాకు తెలియదు. బహుశా వ్యాన్‌లో నేను చెప్పుకుంటూ పోయినప్పుడేమో.

నీ కాగితం నా బైబిల్లో ఉంది. తీసి చదివితే ఆ క్షణమే నేను విడుదల. చెయ్యి దాని మీదికి పోయింది. కానీ అప్పుడు చదివితే, నన్ను విడిపించుకోవడానికి నీ తప్పును వాడుకున్నట్టు. బండి నడుస్తుందా లేదా అన్నది మళ్లీ ఎవరూ అడగరు. పాపం ఆమె తప్పు కాదట, అయినా బండి పాతది, అమ్మేద్దాం అంటారు. నాకు వాళ్ల జాలి వద్దు. తాళం కావాలి.

అందుకని బైబిలు మూసి లేచాను. "సార్, ఇంజన్ నేను బాగుచేశాను. అది నిలవదని మీరంటున్నారు. రేపు గువ్వలచెరువు ఘాట్ ఎక్కుదాం. కమిటీ అంతా రండి. మీరు ముందు సీట్లో కూర్చోండి" అన్నాను. ముందు సీటు ఎందుకని ఆయన అడిగారు. "ఇంజన్ దాని కిందే ఉంది సార్. మధ్య ప్లగ్గు దగ్గరగా వినపడుతుంది" అన్నాను.

ఈసారి వెనక వరుసకు కూడా వినపడింది.

సోమవారం పొద్దున అయిదుగురమూ బయలుదేరాము. కడప దాటేదాకా సారు ఏదో ఒకటి చెబుతూనే ఉన్నారు. ఘాట్ మొదలయ్యాక మాటలు తగ్గాయి. మొదటి మలుపులో తలుపు పిడి పట్టుకున్నారు. రెండో మలుపులో సీటు మీద నుంచి జానెడు లేచి, అలాగే గాలిలో ఉన్నట్టు కూర్చున్నారు. ముందర సిమెంటు లారీ ఒకటి నత్తలా పోతోంది. రెండో గేరులో దాని వెనకే ఎక్కాను. ఇంజన్ వేడెక్కింది, గుంజింది, మూలిగింది. కానీ ఒక్క టిక్ అయినా అనలేదు. నేను లోపల కీర్తన పాడుకుంటున్నాను. బయటికి మాత్రం స్టీరింగు తప్ప నాకేమీ పట్టనట్టు కూర్చున్నాను.

పైకి వచ్చి బండి పక్కకు ఆపాను. సారు నుదురు తుడుచుకుని, "ఊడలేదా?" అని అడిగారు.

"మీరింకా కూర్చునే ఉన్నారు కదా సార్" అన్నాను.

పాస్టరయ్య బయటికి దిగిపోయి కొండవైపు తిరిగి నిలబడ్డారు. ఆయన భుజాలు ఊగుతున్నాయి. మిగతా ఇద్దరూ నవ్వు దాచుకోలేదు. అక్కడే, రోడ్డు పక్కన, తాళం నా దగ్గరే ఉండాలని రాసి నలుగురూ సంతకం పెట్టారు. సారు చివరన పెట్టారు. కానీ పెట్టారు.

అప్పుడు తీశాను నీ కాగితం. "మీరు సంతకం పెట్టేశారు. ఇక దీనివల్ల నాకు ఒరిగేదేమీ లేదు. మా అన్న చదవమన్నాడు కాబట్టి చదువుతున్నాను" అని మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివాను. వేళ్ల సంగతి, పైపు సంగతి, ఈరన్న సంగతి, అన్నీ. లారీలు పోతుంటే ఆగి, పోయాక మళ్లీ అందుకున్నాను. అయిపోయాక యేసుప్రసాద్ సారే, "నా చెయ్యి కూడా వణుకుతాదమ్మా. అందుకే ఇప్పుడు నా రాతలు వేరేవాళ్ల చేత రాయించుకుంటాండా" అన్నారు. తిరుగు దారిలో ఆయన వెనక సీటు అడగలేదు.

నీ మీద నాకు కోపం రాలేదని రాయలేను. వచ్చింది. నువ్వు ఒక్క మాట ముందే రాసి ఉంటే కృష్ణవేణమ్మ బస్టాండులో పడేది కాదు. ఆ మాట దేవుని ముందు చెప్పుకున్నాను, నీ ముందూ చెబుతున్నాను. ఇక మళ్లీ చెప్పను.

కానీ షెడ్డు మూసింది నాకు నచ్చలేదు. ట్యాపు ఎప్పుడు ఆగమంటుందో నా చేతికి తెలుసు. కానీ ఎందుకు ఆగమంటుందో నీకే తెలుసు. వ్యాన్‌కు ఏప్రిల్‌లో మిగతా రెండు ప్లగ్గులు మార్చాలి. ఓబుళేశు తన లేత్ షాపులో సగం స్థలం ఇస్తానంటున్నాడు. చూసి నేర్చుకుంటాడట, పైకి మాత్రం "ముసలాయనకు పొద్దుపోతాదిలే" అంటున్నాడు. నువ్వు వచ్చి పక్కన స్టూలు వేసుకుని కూర్చో. వేళ్లు నావి. మిగిలిందంతా నీది.

పోయిన శుక్రవారం పుల్లయ్య సీటుకు ఆనుకుని కూర్చున్నాడు. కడప దాకా నిద్రపోయాడు.

రాహేలమ్మ


డోన్
నవంబరు 29

రాహేలుకు,

ఏప్రిల్ దాకా ఎందుకు? క్రిస్మస్ అయిన వారానికి వస్తాండాం, నేనూ మీ వదినా. ఈరన్నకు కార్డు రాసినా. వాడు చదివినాడంట. ఫోన్ చేసి ఏడ్చినాడు. నేను ఈ పక్క ఊపిరి పీల్చినా. వానికి అర్థమైంది.

వేళ్లు నీవి సరే. పైపు జారితే మాత్రం చెప్పు, దాచొద్దు. అర చుట్టు మీద పావు తిప్పినావంటే తిడతా. నోరు లేదనుకోవద్దు. పలక కొనుక్కున్యా.

ఆనందం